బేస్ ప్లేటు రాయబారం

ఆ ఆదివారం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు కళ్లు పరీక్ష చేయించుకోవడానికి టౌనుకు వెళతారు. ఆయన అటు వెళ్లగానే తను ఇటు పెరట్లోని షెడ్డులో దూరాలి. మామగారి రూటర్ మెషీన్ తీసి, పుట్టబోయే బిడ్డ కోసం తయారవుతున్న తొట్టిలో ఒక్క పలక అంచును, ఒకే ఒక్క పలక అంచును, గుండ్రంగా చెక్కాలి. మెషీన్ తుడిచి ఎక్కడిది అక్కడ పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు చదువుకోవాలి. రూటర్ అనగానే ఇంటర్నెట్ పెట్టె అనుకునేవారికి ఒక మాట: ఇది అది కాదు. ఇది రెండు చేతులతో పట్టుకుని చెక్క మీద నడిపించే యంత్రం. చెవులు గింగుర్లెత్తేలా అరుస్తుంది, అంచులు మాత్రం నున్నగా చెక్కుతుంది.

ఆ తొట్టి మామగారి సొంత వ్యవహారం. ఉద్యోగం నుంచి రిటైరైనప్పటి నుంచీ ఆయనకు వడ్రంగం పిచ్చి పట్టుకుంది. "మనవడో మనవరాలో, పడుకునేది మాత్రం నేను చేసిన తొట్టిలోనే" అని ప్రకటించేశారు. కాబోయే తండ్రి తనూ ఓ చెయ్యి వేస్తానని అడిగినప్పుడల్లా, "మీరు బీమా ఆఫీసులో ముద్రలు కొట్టే మనిషి. చెక్క మీ మాట వినదు బాబూ" అని నవ్వేసేవారు. ఆ నవ్వు అల్లుడికి ఎక్కడో గుచ్చుకునేది. తన బిడ్డ పడుకునే తొట్టిలో తన చెయ్యి పడిన పలక ఒక్కటీ ఉండదన్న సంగతి అతన్ని నిజంగానే బాధపెడుతోంది.

గేటు దాటబోతూ మామగారు ఆగి వెనక్కి తిరిగారు. "షెడ్డు జోలికి వెళ్లకండి అల్లుడుగారూ. ముఖ్యంగా ఆ మెషీన్ జోలికి."

"ఛఛ, నాకెందుకండీ మామయ్యగారూ!"

ఆయన వీధి మలుపు తిరిగేలోపు అల్లుడు షెడ్డులో ఉన్నాడు. మెషీన్‌ను పలక మీద ఆనించి, ఇంకా స్విచ్చైనా వెయ్యలేదు, అడుగున 'టప్' మన్నది. రూటర్ చెక్క మీద నిలకడగా జారడానికి దాని అడుగున మూడు స్క్రూలతో బిగించిన నల్లటి గుండ్రటి ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. దాన్ని బేస్ ప్లేటు అంటారు. అది కాస్తా నిలువునా చీలి రెండు ముక్కలైంది.

చప్పుడు విని భార్య వచ్చింది. "అప్పుడే విరగ్గొట్టేశారా?"

"నేను ఆనించానంతే!"

"మీరు ఆనితేనే మా ఇంటి కుర్చీ విరిగింది. నాన్నకి చెప్పేయండి."

"చెప్పి, జన్మంతా ముద్రలు కొట్టే మనిషినని అనిపించుకోనా? ఇక ఆ తొట్టిని తాకనిస్తారా? ఆయన వచ్చేలోపు కొత్తది చేసి బిగించేస్తే సరి."

భార్యకు జాలేసింది. వంటింట్లోకి వెళ్లి, తల్లి కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ బల్లను చీర కొంగు చాటున పట్టుకొచ్చింది. "మందం సరిపోతుంది. అమ్మ అడిగితే నేనూ చూడలేదు, మీరూ చూడలేదు."

అల్లుడు విరిగిన ముక్కల్ని టేపుతో అతికించి, బల్ల మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాడు. స్క్రూల చోట గుర్తులు పెట్టాడు. కోశాడు, ఆకురాయితో రాశాడు, కన్నాలు వేశాడు, స్క్రూ తలలు లోపలికి దిగేలా వాటి చుట్టూ గుంటలు కూడా చెక్కాడు. ప్లేటు చూడముచ్చటగా వచ్చింది. బిగించబోతే రెండు స్క్రూలు కూర్చున్నాయి, మూడోది కూర్చోలేదు. ఎటు తిప్పి చూసినా ఏదో ఒకటి అలిగి పక్కకు పోతోంది. మధ్యలో వేసిన పెద్ద రంధ్రమైతే గుండ్రానికీ నలుచదరానికీ మధ్య ఎటూ తేల్చుకోలేకపోయింది.

అంతలో అత్తగారు షెడ్డు గుమ్మంలోకి వచ్చారు. "బాబూ, నా కూరగాయల బల్లేమైనా కనిపించిందా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అల్లుడు ప్లేటును చొక్కాలో దోపుకుని రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు.

"అయ్యో, కడుపునొప్పా?"

"ఆ... కొంచెం."

కాసేపట్లో అతని చేతిలో గ్లాసెడు చేదు మందుంది. అత్తగారు ఎదురుగా నిలబడి చివరి చుక్క దాకా తాగించి గానీ కదల్లేదు.

రంధ్రం గుండ్రంగా, కన్నాలు కుదురుగా రావాలంటే రూటర్‌తోనే చెయ్యాలి. రూటర్ నడవాలంటే బేస్ ప్లేటు ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఆ వీధిలో రూటర్ ఉన్న మరో మనిషి ఎదురింటి వడ్రంగి మేస్త్రి. ఆయనకూ మామగారికీ మూడేళ్లుగా మాటల్లేవు. దానికి కారణం కూడా ఈ బేస్ ప్లేటే. మామగారు మెషీన్ కొన్న రోజున మేస్త్రి దాన్ని తిరగేసి గోటితో కొట్టి చూసి, "మెషీన్ బాగుందన్నయ్యా, ఈ ప్లేటు మాత్రం వట్టి అట్టముక్క. ఎప్పుడో విరుగుతుంది" అన్నాడు. అప్పటిదాకా రోజూ కలిసి టీ తాగినవాళ్లు ఆ పూట నుంచి ఎదురుపడితే తలలు తిప్పుకుంటున్నారు.

వేరే దారి లేక అల్లుడు పొట్ట పట్టుకునే వీధి దాటాడు. అత్తగారు కిటికీలోంచి చూసి నివ్వెరపోయారు. "మనింట్లో బాత్రూమ్ ఉండగా ఆ ఇంటికి పరుగెత్తడమేంటే?"

"తొందరేమోనమ్మా" అంది కూతురు.

ఎదురింట్లో అల్లుడు తను చేసిన తెల్ల ప్లేటునూ, విరిగిన నల్ల ముక్కల్నీ బల్ల మీద పెట్టాడు. మేస్త్రి ఆ ముక్కల్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నయ్య పంపించాడు కదూ?"

అల్లుడు నోరు తెరిచాడు. కాదంటే పని కాదు. అవునంటే అబద్ధం. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచేశాడు.

"చెప్పొద్దులెండి. ఆయన సంగతి నాకు తెలీదా! తను రాలేక మిమ్మల్ని రాయబారం పంపాడు. 'నువ్వే గెలిచావురా తమ్ముడూ' అని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్తారు?" అంటూ మేస్త్రి మందపాటి మంచి షీటు ఒకటి తీశాడు. దాని మీద తెల్ల ప్లేటును నమూనాగా బిగించి, పాత స్నేహం గురించి చెబుతూనే, కన్నాలకు కన్నాలు, అంచుకు అంచు పొల్లుపోకుండా దించేశాడు. మధ్య రంధ్రం మాత్రం తన కొలతతో గుండ్రంగా వేశాడు. ఆ తర్వాత ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. "పదండి, నా చేత్తో బిగిస్తా."

"మామయ్యగారు ఇంట్లో లేరండీ."

"వచ్చేదాకా కూర్చుంటా. మూడేళ్లు ఆగినవాణ్ని."

మేస్త్రి అల్లుడి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుంటూ రావడం చూసి అత్తగారు కంగారుపడిపోయారు. వెంటనే ఫోను అందుకున్నారు. "ఏవండీ, అల్లుడుగారికి కడుపునొప్పి ముదిరింది. ఎదురింటి మేస్త్రి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇద్దరూ షెడ్డులో ఉన్నారు." ఇంత వార్తలోనూ మామగారి చెవికెక్కింది షెడ్డు ఒక్కటే. దొరికిన బండి పట్టుకుని బయల్దేరారు.

షెడ్డులో మళ్లీ రెండు స్క్రూలే కూర్చున్నాయి.

"మెషీనే వంకరగా ఉంది" అన్నాడు మేస్త్రి.

"అదేనండి, పొద్దున్నుంచీ నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు అల్లుడు.

భార్య వచ్చి ఇద్దరినీ కాసేపు చూసి, ప్లేటు తీసి బోర్లించి పెట్టింది. మూడు స్క్రూలూ బుద్ధిగా కూర్చున్నాయి. "ముక్కల్ని తిరగేసి పెట్టి గీసినట్టున్నారు. అద్దంలో చూసినట్టు ఎడమ కుడైంది" అంది. స్క్రూ తలల గుంటలు ఇటువైపు కూడా చెక్కితే సరిపోతుంది. అంటే పొద్దున్నే తెల్ల ప్లేటును ఒక్కసారి బోర్లిస్తే సగం గొడవ తీరిపోయేది. ఆ మాట ముగ్గురికీ తట్టింది, ఒక్కరూ పైకి అనలేదు.

మేస్త్రి గుంటలు చెక్కి ఆఖరి స్క్రూ బిగిస్తుండగా మామగారు చంకలో సంచితో రొప్పుతూ వచ్చారు. మూడేళ్ల శత్రువును చూశారు. కొత్త ప్లేటును చూశారు. బల్ల మీద నల్ల ముక్కల్ని చూసి నిలబడిపోయారు.

మేస్త్రి చేతులు చాచాడు. "నువ్వు కబురు పంపాక రాకుండా ఉంటానా అన్నయ్యా!"

మామగారు నేను పంపలేదనేలోపే అల్లుడు అడ్డం పడ్డాడు. ఇక దాచడం అతని వల్ల కాలేదు. "మామయ్యగారూ, నన్ను మీరే పంపారని ఆయన అనుకుంటుంటే ఊరుకున్నది నేనే. ప్లేటు విరగ్గొట్టిందీ నేనే. మీరు వద్దన్నా మెషీన్ తీశాను."

మామగారి ముఖంలో రంగులు మారాయి. ముందు ఆశ్చర్యం. తర్వాత, చూసేవాళ్లెవరికీ అర్థం కాని ఒక వెలుగు. ఆ తర్వాత భయంకరమైన కోపం.

"మూడేళ్లు! మూడేళ్లు నా చేతిలో దాని మీద గీత కూడా పడలేదు! మీరు ఒక్క పూటలో రెండు ముక్కలు చేస్తారా? విన్నావా తమ్ముడూ, అట్టముక్కన్నావే? అట్టముక్కైతే ఇన్నాళ్లు నిలిచేదా?"

మేస్త్రి అల్లుడిని పైనుంచి కిందికి చూశాడు. "నిజమే అన్నయ్యా, తప్పు నాదే. ప్లేటు గట్టిదే. ఈ చెయ్యి పడితే ఇనుపదైనా ఆగదు." స్నేహితులిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని, ఈ కాలం కుర్రాళ్ల చేతుల గురించి విచారిస్తూ టీ తాగడానికి ఇంట్లోకి వెళ్లారు. కడుపునొప్పి సంగతి అడిగినవాళ్లే లేరు.

మేస్త్రిని సాగనంపి వచ్చాక మామగారు అల్లుడిని షెడ్డు వెనక్కి లాక్కెళ్లారు. గొంతు బాగా తగ్గించారు.

"అది విరగ్గొట్టింది నేనే. నిన్న బల్ల మీంచి జారవిడిచా. గమ్ముతో అతికించి పెట్టా."

"మరి కళ్ల పరీక్ష?"

"కళ్లకేమైంది, బానే ఉన్నాయి. కొత్త ప్లేటు కోసం కొట్లన్నీ తిరిగా. ఆ మోడలు ఇప్పుడు రావట్లేదట."

"మరి నన్నెందుకు అన్ని తిట్లు తిట్టారు?"

"వాడి ముందు ఇంకేం చెయ్యమంటారు బాబూ? వాడన్నట్టే విరిగిందని ఒప్పుకోనా?"

అల్లుడు నెమ్మదిగా గోడకు ఆనుకున్నాడు. ఇక పొట్ట పట్టుకోవాల్సిన అవసరం లేదు. "తొట్టి అంచులన్నీ నేనే చెక్కుతాను మామయ్యగారూ."

"రెండు పలకలు చెక్కండి."

"మేస్త్రిగారు ఇంకా వాళ్ల గేటు దగ్గరే ఉన్నట్టున్నారు."

"అన్నీ చెక్కండి. నోరు మాత్రం మెదపకండి."

అల్లుడు తొట్టి అంచులన్నీ చెక్కాడు. రెండు చోట్ల కాస్త వంకర పోయినా అవి బిడ్డకు తగలని వైపే. భార్య వాటి మీద వేలితో రాస్తూ, "ఈ వంకర మీదేనా?" అని అడిగితే గర్వంగా అవునన్నాడు. మామగారూ మాట నిలబెట్టుకున్నారు, షెడ్డుకు కొత్తగా వేసిన తాళంచెవి ఎక్కడ పెడతారో కూడా చూపించారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆనాటి నుంచి ఆ రెండిళ్లలో ఏది విరిగినా అల్లుడే విరగ్గొట్టాడని స్థిరపడిపోయింది. అత్తగారి గాజు జాడీ పగిలిన రోజున అతను అసలు ఊళ్లోనే లేడు.