మెషిన్ ఎక్కిన బావమరిది

ఆ రోజు ఉదయం టర్నర్ రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, బావమరిదిని పదిన్నర బస్సు ఎక్కించడం. రెండోది, విమానాల కంపెనీ నుంచి మధ్యాహ్నం వచ్చే ఇన్‌స్పెక్టర్‌కి ఒక్క గీత కూడా లేని గొట్టం తిప్పి చూపించడం. మొదటిది సులువు, రెండోది కష్టం అనుకున్నాడు. తానొకటి తలిస్తే దైవం ఒకటి తలుస్తుందంటారు. ఆ రోజు దైవంతోపాటు వర్క్‌షాపు వాచ్‌మన్ కూడా ఇంకొకటి తలిచాడు.

బావమరిదిని ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. పుట్టినప్పుడు చిన్నవాడేనట. తర్వాత పేరు సవరించే తీరిక ఎవరికీ దొరకలేదు. ఇప్పుడు అతను సోఫాలో ఒక చివర కూర్చుంటే రెండో చివర ఉన్నవాళ్ళు కాస్త పైకి లేస్తారు. మనసు మాత్రం వెన్న. ఒకటే లోపం, ఏ పనీ చివరిదాకా చేసి ఎరగడు. టైపింగ్ నేర్చుకుంటూ ఎడమచేతి అక్షరాల దగ్గర ఆపేశాడు. డ్రైవింగ్ నేర్చుకుంటూ రివర్స్ దగ్గర ఆపేశాడు. ఒకసారి పరీక్ష రాస్తూ రాస్తూ ఆకలేసి లేచి వచ్చేశాడు. ఎలాగో పొరుగూళ్ళో గోడౌన్ ఉద్యోగం దొరికింది. ఆ సాయంత్రానికల్లా చేరాలి.

"ఏమండీ, వాణ్ణి మీరే దగ్గరుండి బస్సెక్కించండి," అంది భార్య, తమ్ముడి పెట్టె గడప దాటిస్తూ. "ఒంటరిగా పంపితే బస్టాండు సగం దూరం ఉందనగా ఆగిపోతాడు."

"బస్సు మా వర్క్‌షాపు గేటు ముందు నుంచే కదా పోయేది. నా కళ్ళ ముందే కూర్చోబెట్టుకుని ఎక్కిస్తాలే," అన్నాడు టర్నర్.

కళ్ళ ముందు కూర్చోబెట్టుకోవడం వరకూ అనుకున్నట్టే జరిగింది.

వర్క్‌షాపంటే రేకుల కప్పు కింద ఒక పొడుగాటి గది, అందులో అంతకంటే కాస్త పొట్టి లేత్, లోహాన్ని గిరగిరా తిప్పుతూ చెక్కే మెషిన్. టర్నర్ ఇరవై ఏళ్ళుగా దానిమీదే పనిచేస్తున్నాడు. దాని మూలుగు వినే అది ఏమడుగుతోందో చెప్పగలడు. ఇనుమూ ఇత్తడీ దానికి మంచినీళ్ళ ప్రాయం. కానీ ఈసారి వచ్చింది నికెల్ మిశ్రమం, విమానం ఇంజిన్ కోసం.

ఆ లోహం స్వభావం అలిగిన కొత్తల్లుడిది. మెల్లగా తాకితే బిగుసుకుపోయి ఇంకా గట్టిపడుతుంది. గట్టిగా అదిలిస్తే కోసే టూల్ మొన విరగ్గొడుతుంది. వేడిని తన దగ్గర ఉంచుకోకుండా టూల్‌కే అంటగడుతుంది. ఒకసారి కోత మొదలుపెడితే చివరిదాకా ఆపకూడదు, ఆపినచోట గీత పడుతుంది. ఆ గీత పడ్డ గొట్టం ఇక తుక్కే. వీటన్నిటినీ టర్నర్ ఎలాగో బతిమాలి దారికి తెచ్చుకున్నాడు. లొంగనిది ఒక్కటే, వణుకు. టూల్ పొడుగాటి గొట్టం మధ్యకు వచ్చేసరికి లేత్ "కూ...య్" మని ఊళ పెట్టేది. అద్దంలా ఉండాల్సిన లోహం మీద దువ్వెనతో దువ్వినట్టు చారలు పడేవి. తెచ్చిన గొట్టాల్లో మంచిది ఒక్కటే మిగిలింది.

"ఈ ఒక్కటీ పాసైతే మనకి ఏళ్ళ తరబడి పని," అన్నాడు యజమాని ముందురోజు. "కాకపోతే లేత్ అమ్మేస్తాను టర్నర్ గారూ. తర్వాత మీ ఇష్టం."

లేత్ లేని టర్నర్‌కి ఇష్టం ఏముంటుంది? తబలా పోయిన తబలా విద్వాంసుడిలా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే.

అందుకే ఆ ఉదయం రాగానే, చారలు పడి పాడైన గొట్టం ఒకటి లేత్‌కి బిగించి మళ్ళీ తిప్పి చూడసాగాడు. బావమరిది పెట్టె కింద పెట్టి, కూర్చోవడానికి చుట్టూ చూశాడు. అక్కడున్న ఒక్క స్టూలు అతన్ని చూసి భయపడినట్టు కనిపించింది. పాపమని దాన్ని వదిలేసి లేత్ తోక చివర, తిరిగే భాగానికి దూరంగా ఉన్న ఇనప దిమ్మె మీద కూర్చుని అరటిపండు ఒలిచాడు.

టూల్ గొట్టం మధ్యకు వచ్చింది. టర్నర్ అలవాటుగా పళ్ళు బిగించాడు. ఊళ రాలేదు. పట్టుచీర మడత విప్పినట్టు సర్రుమని మెత్తటి శబ్దం. లోహం మీద చార లేదు.

"బావా, బస్సు టైమైంది," అంటూ బావమరిది లేచాడు.

"కూ...య్!" అంది లేత్.

"కూర్చో!"

కూర్చున్నాడు. సర్రు... లేచాడు. కూయ్. కూర్చున్నాడు. సర్రు...

"ఏంటి బావా, గుంజీలు తీయిస్తున్నావ్?"

టర్నర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు నెలలుగా ఇంట్లో సోఫాను పాడుచేస్తున్న బరువు, దేవుడు ఎక్కడో పెట్టబోయి పొరపాటున తన హాల్లో పెట్టిన సామాను అని అతనికి అప్పుడే తెలిసింది.

బయట బస్సు హారన్ కొట్టింది.

"వస్తా బావా."

"ఆగరా నాయనా! సాయంత్రం బస్సుకి వెళ్దువుగాని."

"సాయంత్రానికి చేరకపోతే ఉద్యోగం ఉండదట. ఇదీ పోతే అక్కకి మొహం చూపించలేను," అన్నాడు బావమరిది దీనంగా. "అయినా నువ్వేంటి బావా? ఇన్నాళ్ళూ ఎప్పుడెళ్తావు ఎప్పుడెళ్తావు అన్నావు. తీరా వెళ్తానంటే చొక్కా పట్టుకుంటావేంటి?"

"నువ్వు వెళ్తే నా ఉద్యోగం పోతుందిరా. నీదైతే ఇంకా రాలేదు. నాది ఉన్నది."

ఈ లెక్క బావమరిదికి సబబుగానే తోచింది. బస్సు వెళ్ళిపోయింది.

సంగతి విని యజమాని పరుగెత్తుకొచ్చాడు. "మనిషెందుకండీ, బరువే కదా కావలసింది!" అని ఇసుక బస్తాలు పెట్టించాడు. లేత్ ఊళ మానేసి గుర్రుపెట్టడం మొదలుపెట్టింది. చారలు సన్నబడ్డాయి గాని పోలేదు. వాచ్‌మన్‌నీ స్టోర్‌కీపర్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. ఇద్దరికీ పాత తగాదా ఉండటంతో అసలు వణుక్కి వీళ్ళ వణుకు తోడైంది. చివరికి యజమాని తానే ఎక్కాడు. అతను బక్కపలచన, పైగా భయస్థుడు. లేత్ అతన్ని దులిపి కింద పడేసినంత పని చేసింది.

"మెత్తటి బరువు కావాలి సార్," అన్నాడు టర్నర్. "వణుకు వచ్చి లోపలికి ఇంకిపోవాలి. మావాడిలో ఏదైనా ఇంకిపోతుంది. మాటలు కూడా."

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చేతులకు తెల్లటి గ్లౌజులు, మొహంలో ఇంతవరకూ దేన్నీ పాస్ చేయని కళ. లేత్ చుట్టూ ఒకసారి తిరిగి తోక దగ్గర ఆగాడు.

"ఇదేంటి?"

"డ్యాంపర్ సార్. వణుకు పీల్చుకుంటుంది," అన్నాడు యజమాని.

"దిగుమతి చేసుకున్నదా?"

"లేదు సార్. మా టర్నర్ గారింట్లోదే."

ఇన్‌స్పెక్టర్ తలాడించాడు. అతను చూసేది గొట్టం నునుపు. పాసయ్యేదాకా అది ఎలా వస్తుందన్నది వాళ్ళ తంటా.

మిగిలిన ఒక్క మంచి గొట్టాన్నీ టర్నర్ బిగించాడు. బావమరిది చెవిలో చెప్పాడు: "ముప్పావు గంట కోత. కదలకూడదు, మాట్లాడకూడదు, తుమ్మకూడదు. నువ్వు కదిలితే చార పడుతుంది. చార పడితే మనిద్దరం సోఫాలోనే."

బావమరిది గట్టిగా ఊపిరి పీల్చుకుని శిల అయ్యాడు. కోత మొదలైంది. టూల్‌ని చల్లబరిచే కూలెంటు నీళ్ళు చిమ్మి అతని మెడ మీదుగా చల్లగా కారసాగింది. అతను రెప్ప కూడా వేయలేదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. వాచ్‌మన్ ఎత్తాడు. అవతల టర్నర్ భార్య.

"మా తమ్ముడు బస్సెక్కాడా?"

వాచ్‌మన్ అబద్ధమాడని మనిషి. "ఎక్కడమ్మా, మెషిన్ ఎక్కాడు. కదలటం లేదు, మాట్లాడటం లేదు. పెద్దాయనెవరో వచ్చి గ్లౌజులు తొడుక్కుని చూస్తున్నారు. మా ఓనరు గారైతే కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుంటున్నారు."

"మా... మా ఆయనో?"

"ఆయనకేంటమ్మా, పని చేసుకుంటున్నారు."

కోత సగం దాటేసరికి గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడు, దాని వెనకే కొడుకుతోపాటు కూతురింట్లోనే ఉంటున్న అత్తగారి గొంతు. కూతురు వెనకబడిపోయింది. మోకాళ్ళ నొప్పులతో వంటగదికి వెళ్ళడానికే ఆపసోపాలు పడే అత్తగారు గదంతా ఒక్క పరుగులో దాటింది.

"నాయనా చిన్నోడా! పలకవేమిరా!"

చిన్నోడు పలకలేదు. కళ్ళు మాత్రం తల్లి వైపు తిప్పాడు.

"కళ్ళు తిప్పుతున్నాడే అమ్మా! ప్రాణం కళ్ళలోనే ఉంది!" అంది అక్క. భుజం మీద చేయివేసి కెవ్వుమంది. "చల్లగా ఉన్నాడమ్మా!"

"కూలెంటే అది!" అని అరిచాడు టర్నర్, హ్యాండిల్ వదలకుండా. "వాడికేం కాలేదు! ముట్టుకోకండి!"

"మనిషి మంచుముద్దయి కూర్చుంటే ఏం కాలేదంటారేంటండీ! ముందు మెషిన్ ఆపండి!"

"ఆపకూడదే! గీత పడుతుంది!"

"గీతా? నా తమ్ముడి తలరాత కంటే మీకు ఆ గొట్టం మీద గీత ఎక్కువైందా?"

"పావుగంట ఓపిక పట్టవే!"

"పావుగంటట! విన్నావా అమ్మా? టైము కూడా చెప్తున్నారు!"

అత్తగారు ఏడుపు ఎత్తుకుంది. కొడుకు పక్కనే దిమ్మె మీద కూలబడి, అతని మెడ కావలించుకుని, పుట్టిన దగ్గర్నుంచి అతను తిన్నవీ తినకుండా వదిలేసినవీ చెప్పుకుంటూ ఏడ్చింది. రెండో జాబితా చిన్నదే. అంత ఏడుపులోనూ కొడుకు మెడ మీద కారుతున్న కూలెంటుని అరచేత్తో తుడుస్తూనే ఉంది. అక్క కింద కూర్చుని తమ్ముడి మోకాళ్ళు పట్టుకుంది. యజమాని కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

టర్నర్ హ్యాండిల్ మీది తన చేతి వైపు చూశాడు. ఒక్క క్షణంలో ఆపేయొచ్చు. ఆపితే భార్య మొహం తేటపడుతుంది, లేత్ పోతుంది. తలెత్తి బావమరిదిని చూశాడు. ఆ పెద్ద మొహం మీద కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. తల్లి గుండె బద్దలవుతోంది, తను ఒక్క మాటంటే చాలు. అయినా పెదవి కదపడం లేదు. జీవితంలో మొదటిసారి అతను ఒక పనిని సగంలో వదిలిపెట్టడం లేదు. టర్నర్‌కి ఆ మనిషి మీద ఉన్న మూడు నెలల విసుగంతా కూలెంటుతోపాటు కారిపోయింది. హ్యాండిల్ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు లేత్ శబ్దం మారింది. సర్రుమనడం కూడా మానేసి, నిద్రపోయే పిల్లి గొంతులా హాయిగా గురగురలాడింది. ఇరవై ఏళ్ళలో అది అంత సుఖంగా ఉండటం టర్నర్ వినలేదు.

కోత ముగిసింది. లేత్ ఆగింది.

"అమ్మా," అన్నాడు బావమరిది. "ఆకలేస్తోంది."

అతని వీపు మీద అత్తగారి చేయి పడిన చప్పుడు. ఆ వెంటనే అదే చేయి అతని తల నిమిరింది.

"బతికున్నవాడివి పలకొచ్చు కదరా!"

"బావ మాట్లాడొద్దన్నాడమ్మా."

అక్కాతల్లీ కలిసి టర్నర్ వైపు తిరిగారు. అతని అదృష్టం, సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. గొట్టం మీద నునుపు కొలిచే పరికరం సూదిని చివర నుంచి చివరికి జరిపాడు. మళ్ళీ జరిపాడు. పరికరం పాడైందేమోనని తన చేతి గడియారం అద్దం మీద పెట్టి చూశాడు. అద్దం కంటే గొట్టమే నున్నగా ఉంది. వంగి, అందులో తన మీసం చూసుకుని, ఒక తెల్లవెంట్రుక పీక్కున్నాడు.

"పాస్," అన్నాడు.

యజమాని కళ్ళు తెరిచాడు. టర్నర్ అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"కానీ ఒక్క షరతు. విమానం పని, ఆషామాషీ కాదు. నేను చూసి పాస్ చేసిన పద్ధతిలోనే ప్రతి గొట్టమూ తయారవ్వాలి. ఒక్కటి తీసేయకూడదు, ఒక్కటి చేర్చకూడదు. తేడా వస్తే ఆర్డరు రద్దు," అని ఇన్‌స్పెక్టర్ తోక వైపు చేయి చూపించాడు. "ఈ పెద్ద డ్యాంపర్ ఒకటి. దాని పక్కన ఇంకోటి. కింద మోకాళ్ళ దగ్గర మూడోది."

"సార్, వాళ్ళు డ్యాంపర్లు కారు, మా కుటుంబం!" అన్నాడు టర్నర్.

"మీరేమని పిలుచుకుంటారో నాకనవసరం. రెండోదాన్నుంచి శబ్దం కూడా వచ్చింది. ఏమిటది?"

"ఏడుపు సార్."

"ఏ స్థాయి?"

టర్నర్ అత్తగారి వైపు బెదురుగా చూశాడు. "పుత్రశోకం సార్."

"ఆ స్థాయి తగ్గడానికి వీల్లేదు," అని గ్లౌజులు విప్పి జేబులో పెట్టుకుని ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాడు.

యజమాని ఇక ఆలస్యం చేయలేదు. అక్కడికక్కడే ముగ్గురికీ ఉద్యోగాలిచ్చేశాడు. ఇంటిపనులున్నాయి కుదరదని టర్నర్ భార్య, నాకేం ఖర్మని అత్తగారు ఎంత మొత్తుకున్నా వినలేదు. బావమరిది మాత్రం కిమ్మనకుండా, మూడు అరటిపళ్ళ తర్వాత, తన దిమ్మెను గుడ్డతో తుడుచుకున్నాడు.

మరుసటి ఉదయం టర్నర్ ఆర్డరుతో వచ్చిన కొత్త గొట్టం బిగించేసరికి బావమరిది శిల అయిపోయి ఉన్నాడు, తమ్ముడి మోకాళ్ళ దగ్గర భార్య చాప పరుచుకుంది. అత్తగారు కళ్ళజోడు తీసి, జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, దిమ్మె మీద సర్దుకుని కూర్చుంది.

"అల్లుడుగారూ," అంది, "ఏడుపు ఇప్పుడే ఎత్తుకోమంటారా, మెషిన్ తిరిగాకనా?"