పన్నెండో నంబరు క్వార్టర్ ఆదర్శగృహం అయిన విధం

పురపాలక సంఘానికి చెందిన ఇరవై నాలుగు క్వార్టర్ల స్థితిగతులను సర్వే చేసి, వాటిని మెరుగుపరచాలని పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సంఘం వనపర్తికీ గద్వాలకూ నడుమ ఎక్కడో ఉంది. పేరు చెబితే వాళ్లకు సిగ్గు, మనకు చిక్కు, కాబట్టి వదిలేద్దాం. క్వార్టర్లు కట్టి నలభై ఏళ్లయింది. వాటిని మెరుగుపరచాలన్న తీర్మానం ఇది తొమ్మిదోది. శ్రద్ధ లేదని ఎవరైనా అంటే నాలుక చీరేయాలి మరి.

పన్నెండో నంబరులో ఉండేది నూరున్నీసా. బస్టాండు రోడ్డు ఊడ్చే మున్సిపల్ కార్మికురాలు. ఈ సర్వే మీద ఆమె పెట్టుకున్నంత ఆశ తీర్మానం చేసినవాళ్లు కూడా పెట్టుకోలేదు. కూతురు షాజియా తొలి కాన్పుకు వస్తోంది. ఉన్నవి రెండు గదులు. ముందుది పొయ్యికీ సామానుకూ సరిపోతుంది. లోపలి గది కప్పు పెచ్చులూడి, ఇనుప చువ్వలు బయటపడి, వాన పడితే ఎనిమిది చోట్ల కురుస్తుంది. బాలింతనూ పసిగుడ్డునూ ఎక్కడ పడుకోబెట్టాలా అని ఆమె బెంగ.

సర్వే సారు వస్తున్నాడంటే తెలివైన మనిషి కప్పును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. నూరున్నీసా మర్యాద తెలిసిన మనిషి. ఇల్లంతా కడిగి, ఆ గదిలో కప్పు కింద చాందినీ కట్టింది. పెండ్లిండ్లలో కడతారే, ఆ తళుకుల గుడ్డ. ఇంటికొచ్చినవాడి నెత్తిన పెచ్చు రాలితే ఎంత నామోషీ! ముందు చాయ్ ఇచ్చి, ఆ తర్వాత గుడ్డ విప్పి చూపిద్దామనుకుంది.

వర్క్ ఇన్‌స్పెక్టర్ రాఘవేందర్ ఫోను పైకెత్తుకునే లోపలికి వచ్చాడు.

“సార్, జర కూసోండ్రి. చాయ్ తాగినంక అంతా చూపిస్త.”

“టైం లేదమ్మా. ఇంక పన్నెండు ఇండ్లున్నయ్. పైన గిదేంది?”

“చాందినీ సార్. దాని మీద...”

ఫోనులోని ఫారంలో చాందినీకి గడి లేదు. దానికి దగ్గరి చుట్టంలా కనిపించింది ‘ఫాల్స్ సీలింగ్’. రాఘవేందర్ గుడ్డను ఒక ఫొటో తీసి, అదే నొక్కాడు. దాంతో ‘కప్పు బాగుంది’ అని ఫారమే రాసుకుని పచ్చబడింది. నూరున్నీసా చాయ్ పట్టుకొచ్చేసరికి ఆయన పదమూడో నంబరులో ఉన్నాడు.

ఇరవై మూడు ఇళ్లకు కప్పు మాత్రమే ఉందనీ, ఒక్క ఇంటికి ఫాల్స్ సీలింగ్ కూడా ఉందనీ సర్వే తేల్చింది. పన్నెండో నంబరును ఆదర్శగృహంగా ప్రకటించారు. తక్కిన ఇళ్లను ఆ స్థాయికి తేవడానికి ఇంజనీరు ఫొటోను లోతుగా అధ్యయనం చేసి, పని పెండ్లి పందిళ్లు వేసే ఆసామికి అప్పగించాడు. పక్షం తిరక్కుండా ప్రతి ఇంట్లో ఒక గుడ్డ వెలిసింది. పదమూడో నంబరు అంజమ్మకు వంకాయ రంగుది వచ్చింది.

ఈ మహాకార్యం ముగిసిన సందర్భంగా ఆదర్శగృహం లోపలి గదిలోనే సభ జరిగింది.

“నూరున్నీసా గారు అలంకరించింది తన ఇంటిని కాదు, మన పట్టణ ఆత్మగౌరవాన్ని,” అన్నారు ఛైర్‌పర్సన్ సుహాసిని గారు. “పేదరికం మనసులో ఉంటుంది, కప్పులో కాదు. రెండు మాటలు చెప్పమ్మా.”

నూరున్నీసా తలెత్తి చాందినీ వైపు చూసింది. షాజియా వచ్చేది పది రోజుల్లోనే. ఇప్పుడు సిగ్గుపడితే బిడ్డను వానలో పడుకోబెట్టాలి.

“మేడమ్, మీరు జర గోడ దిక్కు జరుగుండ్రి,” అని స్టూలెక్కి గుడ్డ ఒక మూల విప్పింది. అందులో పోగైన పెచ్చులు తట్టెడు నేలమీద పడ్డాయి.

“గిది మా కప్పు. నా బిడ్డ కాన్పుకొస్తుంది. గుడ్డ వద్దు మేడమ్, కప్పు బాగ చేయుండ్రి.”

పరువు పోయింది గానీ ఆమె ప్రాణం తేలికపడింది. సభ చప్పట్లు లేకుండా ముగిసింది.

మూడో రోజున నోటీసు వచ్చింది. సంఘం రికార్డులలో నమోదైన ఫాల్స్ సీలింగును అనుమతి లేకుండా తొలగించినందున, ఏడు రోజులలో కప్పును రికార్డులలో ఉన్న స్థితికి తేవలెను అని. నూరున్నీసా దాన్ని రాఘవేందర్ దగ్గరికి పట్టుకుపోయింది. ఆయన చెడ్డవాడేం కాదు పాపం.

“నాకు సమజైంది అమ్మా. గని ఫారంల కప్పు బాగుందని ఉన్నది. అది మార్చాల్నంటే మళ్ల సర్వే గావాలె. సర్వేకు తీర్మానం గావాలె.”

ఈ సంగతి విని అంజమ్మ కడుపుబ్బ నవ్వింది. “నీ బిడ్డ కాన్పు తీర్మానం దాక ఆగుతదా అక్కా?” అని తొమ్మిదో నంబరు హైదర్ మేస్త్రిని కేకేసింది. క్వార్టర్లవాళ్లు తలా ఇంత సిమెంటు, ఇసుక తెచ్చారు. హైదర్ పెచ్చులన్నీ కొట్టి, చువ్వలకు తుప్పు గీకి, కింద కొత్తగా పూత పూసి, పైన గట్టి పొర వేశాడు. అయిదు రోజులకు పని ముగిసింది. షాజియా వచ్చిన సాయంత్రమే వాన దంచింది. నూరున్నీసా గది నడుమ నిలబడి అరచేయి చాపింది. చుక్క పడలేదు. ఆమెకు ఏడుపాగలేదు.

గడువు ముగిసిన రోజున పాలకవర్గం ఫొటోగ్రాఫరుతో, రిబ్బనుతో వచ్చింది. ‘పురపాలక సంఘం చొరవతో మెరుగుపరచబడిన గృహం’ అన్న బోర్డు గోడకెక్కింది. సంఘం సేవల పట్ల పూర్తి సంతృప్తి చెందామన్న కాగితం చేతులు మారింది. మొదటి సంతకం హైదర్ మేస్త్రిది, రెండోది నూరున్నీసాది.

“నువ్వెందుకు పెట్టినవక్కా?” అంది అంజమ్మ.

“గంత పెద్దోళ్లు ఇంటికొచ్చి అడిగిండ్రు. మొకం మీద ఎట్ల కాదంట?”

నిజమేననిపించి అంజమ్మ కూడా పెట్టింది. ఇంత మొగమాటం గల జనం మనం ఉన్నంతకాలం ఏ పురపాలక సంఘమూ స్వయంగా తట్టెడు సిమెంటు కలపవలసిన అవసరం రాదు.