మడత బండి బోణీ

ఆ రోజు ఉదయం మహీధర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ముందు శ్మశానానికి వెళ్లి, లాకరులో దాచిన తండ్రి అస్థికల కుండ తీసుకోవాలి. అక్కణ్ణుంచి అబిడ్స్ వచ్చి పాపను కూర్చోబెట్టి తోసే తేలికపాటి మడత బండి ఒకటి కొనాలి. ఈలోగా నాంపల్లి ఇంటి నుంచి తల్లి అనసూయ, భార్య సంహిత పాపను తీసుకుని అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరికి వస్తారు. అందరూ కలిసి కాచిగూడలో మధ్యాహ్నం రైలెక్కి బాసర వెళ్లాలి. గోదావరిలో కుండ కలిపితే తండ్రి శ్యామ్‌సుందర్ పని పూర్తవుతుంది.

మడత బండి సరదాకి కాదు. అస్థికల కుండ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు, నీళ్లలో కలిసేదాకా నేలను తాకకూడదు. కాబట్టి మహీధర్ రెండు చేతులూ కుండకే సరి. సంహితకు కాన్పు ఆపరేషన్ అయినప్పటి నుంచి నడుము నిలబడడం లేదు. అనసూయ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక పాపను మోసేదెవరు? సీటు కింద ఇమిడేది, ఒంటిచేత్తో మడిచేది, భుజానికి తగిలించుకునేది ఒక బండి ఉంటుందని సంహిత ఫోనులో చూపించింది. కర్మకాండలన్నీ ముగిశాయి కనుక కొత్త వస్తువు కొనవచ్చని అనసూయ కూడా ఒప్పుకుంది.

"కుండ మాత్రం కింద పెట్టకురా. నేల తాకిందంటే మీ నాయన ఈడనే ఆగిపోతడు. ఆయనకు నెమ్మది లేకపోతే నాకూ ఉండది" అని మాత్రం చెప్పింది.

శ్యామ్‌సుందర్ నలభై ఏళ్లు మొజంజాహీ మార్కెట్లో పండ్లు అమ్మిన మనిషి. పుచ్చకాయను కొట్టి చూడకుండా, కుర్చీలో కూర్చుని చూడకుండా, సంచీని గుంజి చూడకుండా కొని ఎరగడు. కొన్న తరువాత వంక పెట్టకుండానూ ఉండలేదు. ఆటో ఎక్కితే మీటరుకు, రిక్షా ఎక్కితే చక్రానికి వంక పెట్టేవాడు. ఇంట్లో మొదట డిగ్రీ తెచ్చినవాడు మహీధర్. బస్సుల్లో గొడుగులు మరిచిపోవడం మొదలుపెట్టిందీ అతడే. అందుకే దవాఖాన మంచం మీద శ్యామ్‌సుందర్ కొడుకు చెయ్యి పట్టుకుని, "గోదాట్ల కలుపు బిడ్డా. తొవ్వల ఏడ్నన్న మర్శిపోయేవు" అన్నాడు. దాదాపు అదే చివరి మాట. ఆ మాట మహీధర్ గుండెలో మేకులా దిగి ఉంది. చితి దగ్గర కూడా అతడికి ఏడుపు రాలేదు. ఏదైనా మరిచిపోతానేమోనన్న భయం ఒక్కటే ఉండింది.

శ్మశానం బయట ఇద్దరు ఆటోవాళ్లు కుండను చూసి, "పొద్దుగాల పొద్దుగాల వద్దన్నా" అని వెళ్లిపోయారు. పక్కన బండి మీద తువ్వాళ్లు అమ్ముతున్నారు. మహీధర్ చేతికందిన మెత్తటిది ఒకటి కొని కుండకు చుట్టాడు. దాని మీద పసుపుపచ్చని బాతు పిల్లలున్నాయి. మూడో ఆటోవాడు మారుమాట లేకుండా ఎక్కించుకోవడమే కాక, స్పీడు బ్రేకర్ల దగ్గర నెమ్మదిగా పోనిచ్చాడు. జనం ఇంత మంచివాళ్లా అనుకున్నాడు మహీధర్.

అబిడ్స్‌లో పిల్లల సామాన్ల దుకాణదారు శ్రీహరి అప్పుడే లక్ష్మీదేవి పటానికి అగరొత్తులు వెలిగించి షట్టరు పూర్తిగా ఎత్తాడు. గుండు చేయించుకున్న మనిషి, గుండెకు హత్తుకున్న బాతు పిల్లల మూట లోపలికి రావడం చూసి అతని ముఖం వెలిగిపోయింది.

"రాండ్రి సార్, రాండ్రి! బోణీ మీదే. తిరుపతి పోయొచ్చిన్రా? బాబు మొక్కా?"

నిజం చెప్పడానికి మహీధర్ నోరు తెరిచాడు. పిల్లల బట్టలు, గిలకలు, ఉయ్యాలలు, బోణీ కాని గల్లాపెట్టె, అగరొత్తి పొగ కనిపించాయి. ఇక్కడ ఆ మాట ఎలా అనడం?

"బండి చూపియ్యున్రి. తేలికది" అన్నాడు.

శ్రీహరి ఒక బండిని ఒంటిచేత్తో విదిలించాడు. అది గొడుగులా తెరుచుకుంది. మళ్లీ మీట నొక్కితే మూడు మడతలై బడిపిల్లల సంచీ అంత అయింది. "ఒక్క చెయ్యి సార్. ఇంకో చేతిల బాబు ఉండొచ్చు. రైల్ల సీటు కింద పడ్తది. లేపి చూడుండ్రి."

లేపి చూడాలంటే చెయ్యి ఖాళీ ఉండాలి. చూడకుండా కొంటే తండ్రి ఆత్మ ఇప్పుడే లేచి కూర్చుంటుంది. కుండను నేల మీద పెట్టకూడదు. లక్ష్మీదేవి పక్కన గల్లా మీద అసలే పెట్టకూడదు. మహీధర్ కుండను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"బాబునే పండబెట్టుండ్రి సార్, బరువు గూడ తెలుస్తది" అన్నాడు శ్రీహరి.

అదొక్కటే దారి. మహీధర్ కుండను జాగ్రత్తగా సీట్లో కూర్చోబెట్టి, భుజాల మీదుగా వచ్చే బెల్టులు, నడుము బెల్టు అన్నీ బిగించాడు. రెండు సార్లు గుంజి చూశాడు. ముందుకు, వెనక్కు నడిపాడు. చక్రాలు చప్పుడు లేకుండా తిరిగాయి. బండి మీద అతడికి నమ్మకం కుదురుతుండగా లోపలికి వెంకటరత్నమ్మ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఊళ్లో స్థిరపడిన పెద్దావిడ. మనవరాలికి స్వెట్టరు కోసం వచ్చి, స్వెట్టరు మరిచిపోయింది.

"అయ్యో, ముఖం మీద కప్పేశావేంటి నాయనా? ఊపిరాడొద్దూ?"

"ఏం కాదమ్మా."

"తల్లేదీ?"

"ఇంటి కాడ ఉంది. వస్తది."

"ఎవరి పోలికో?"

మహీధర్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు. "మా నాయనే" అన్నాడు.

"ఇంత గోలలోనూ కదలడేం? ఏడవడా?"

"ఇప్పుడైతే ఏడ్వడు."

"పాలు తాగుతున్నాడా?"

"ఏం తీస్కుంటలేడమ్మా."

"ఎప్పటినుంచీ?"

"రెండు వారాలయింది."

వెంకటరత్నమ్మ చేతిలోని సంచీ కింద పడిపోయింది. "రెండు వారాలా! ఓరి నీ చదువు తగలెయ్య! పసిగుడ్డు రెండు వారాలు పాలు ముట్టకపోతే బండి కొనడానికొచ్చావా? ఆసుపత్రికి పద!"

"అమ్మా, దవాఖానల చూపిచ్చినం. లాభం లేదన్నరు."

"లాభం లేదన్నారని గుడ్డ కప్పేస్తావా!"

ఆ కేకకు పక్క దుకాణాల వాళ్లు గుమ్మం దగ్గర మూగారు. ఎవరో ఆటోను పిలిచారు, ఎవరో ఫోనులో వీడియో మొదలుపెట్టారు. "ఆగమ్మా, జర నా మాటిను" అని మహీధర్ అంటూనే ఉన్నాడు. వెంకటరత్నమ్మ బండి పిడి పట్టుకుని బయటికి నడిపించింది. గుమ్మం ముందు స్కూటర్లు ఎక్కించడానికి వేసిన వాలు ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్లు కాలికి తగిలాయి. ఆవిడ ఆగింది, బండి ఆగలేదు.

తేలికపాటి బండి కదా. ప్రకటనలో చెప్పినంత చక్కగా పరుగెత్తింది.

వాలు దిగి, పేవ్‌మెంటు దాటి, అబిడ్స్ రోడ్డు మీదికి వెళ్లింది. ఒక ఆర్టీసీ బస్సు కీచుమంటూ ఆగింది. ఒక ఆటో పక్కకు వంగింది. ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు. మహీధర్ చెప్పులు ఎక్కడో వదిలేసి ఉత్త కాళ్లతో పరుగెత్తాడు. కుండ పగిలితే తండ్రి ఈ తారు మీదే కలిసిపోతాడు, చక్రాల కింద, పొగలో, ఇంటికీ గోదావరికీ మధ్య. తొవ్వల ఏడ్నన్న మర్శిపోయేవు. "నాయనా! నాయనా!" అని అరిచాడు. రెండు వారాలుగా రాని ఏడుపు అక్కడ, బస్సు హారన్ల మధ్య వచ్చింది.

అవతల నిలబడిన ట్రాఫిక్ కానిస్టేబుల్ కాలు అడ్డం పెట్టి బండిని ఆపాడు. వంగి తువ్వాలు ఎత్తాడు. మూతికి గుడ్డ కట్టిన కుండ కనిపించింది.

"గిదేంది?"

"మా నాయన" అన్నాడు మహీధర్, వెక్కుతూ. "గోదారికి తీస్కపోతున్న."

కానిస్టేబుల్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వీడియో తీస్తున్నవాడు ఫోను దించాడు. ఒక్క క్షణం అబిడ్స్‌లో ఎవరూ హారను కొట్టలేదు. వెంకటరత్నమ్మ ఆయాసపడుతూ వచ్చి, కుండ చూసి, బండి ముందు రెండు చేతులూ జోడించింది. "తప్పయిపోయింది బాబూ! పెద్దాయన్ని తోసేశాను" అని లెంపలు వేసుకుంది. బస్సు డ్రైవరు కూడా పై నుంచే దండం పెట్టాడు.

శ్రీహరి మాత్రం దండం పెట్టలేదు. "సార్, బోణీ సార్!" అని నెత్తి పట్టుకున్నాడు. "గా బండి నా దుకాణంల మల్ల అడుగువెట్టొద్దు. నాకు పడ్డ ధరకే తీస్కపోండ్రి. డబ్బా గూడ మీరే తీస్కపోండ్రి. ఇగ పూజ మల్ల మొదట్నుంచి చేసుకోవాలె నేను."

అప్పటికి పోస్టాఫీసు వైపు వస్తున్న అనసూయ, సంహిత ఆటోలోంచి గుంపును చూసి దిగారు. మహీధర్ శ్రీహరికి డబ్బు చెల్లించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అనసూయ వంగి కుండ మూతి ముడి తడిమింది. ముడి సడలలేదు. కుండకు పగులు లేదు. బెల్టులు ఎక్కడివక్కడే బిగిసి ఉన్నాయి.

"నేల తాకిందారా?"

"కుండ తాకలేదమ్మా. చక్రాలు తాకినయి."

అనసూయ ఆలోచించింది. ఇలాంటి సందేహానికి పురోహితుడి దగ్గర జవాబు ఉంటుందని ఆమెకు నమ్మకం లేదు. "చక్రాలు తాకితే తాకినట్టు గాదు" అని తనే తేల్చి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొడుకు గుండు మీద ఒకసారి చెయ్యి వేసింది. "మర్శిపోలేదు గదా. చాలు."

సంహిత చంకలో పాపను సర్దుకుంటూ, "సరే, మీరు కుండ పట్టుకోండి. దీన్ని కూసోబెడ్త. నా నడుం పోతుంది" అని బండి వైపు కదిలింది.

"ఆగు!" అనసూయ అడ్డం వచ్చింది. "అస్థికలు కూసున్న బండ్ల పసిపిల్లనా? నీకేమన్న తెలుస్తుందా?"

"మరి ఎవ్వరి కోసం కొన్నం అత్తమ్మా?"

అనసూయ పాపను అందుకుని మహీధర్ చేతుల్లో పెట్టింది. రైలు వీళ్ల కోసం ఆగేది కాదు.

కాచిగూడ ప్లాట్‌ఫాం మీద జనం ఆ చిన్న కుటుంబానికి ముచ్చటగా దారి ఇచ్చారు. మహీధర్ భుజం మీద పాప అతని గుండును చొంగతో తడుపుతూ ఉంది. అతని చేతులు గుంజుతున్నాయి. ముందు అనసూయ బాతు పిల్లల తువ్వాలు సర్ది, మడత బండిని మెల్లగా నడిపిస్తోంది. చక్రాలు చప్పుడు చేయడం లేదు.

శ్యామ్‌సుందర్ ఏ వంకా పెట్టకుండా ఎక్కిన బండి అదొక్కటే.