నాలుగో అంతస్తు, మూడో అంతస్తు

నాలుగో అంతస్తులోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగులను చేర్చుకునే మేనేజరు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: కొత్తగా చేరిన కుర్రాళ్లందరికీ కుర్చీలు సరిపోయాయో లేదో చూసుకోవడం. వాళ్లలో ఆయన బావమరిది కూడా ఉన్నాడు. ఇంతలో బాసు ఫోన్ చూసుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, ఇది చదివావా? ఇకమీదట కోడంతా యంత్రమే రాసేస్తుందట. మన హాల్లోనూ ఒకటుందిగా, ఇక ఈ కుర్రాళ్లెందుకు మనకి? పంపించెయ్."

"సార్, నిన్నేగా చేరారు! కుర్చీల మీద కవర్లయినా తియ్యలేదు."

"మంచిదేగా, కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడు."

మేనేజరు బావమరిది ముఖం చూడలేక, గోడ గడియారంతో మాట్లాడుతున్నట్టు సంగతి చెప్పాడు.

"అక్కకి మాత్రం నువ్వే చెప్పుకో బావా," అని వాడు సంచి భుజాన వేసుకున్నాడు.

కుర్రాళ్లంతా సంచులతో మెట్లు దిగడం సీనియర్ల కంటబడింది. కంపెనీ మునుగుతోందట అని క్యాంటీన్‌లో మొదలైన గుసగుస, బల్లల దగ్గరికి వచ్చేసరికి మునిగిపోయిందన్న వార్తయింది. భోజనాల వేళకల్లా అందరూ రాజీనామాలు విసిరేసి చక్కా పోయారు. హాల్లో యంత్రం ఒక్కటే మిగిలింది. దానికి పని చెప్పే నాథుడు లేడు.

అప్పుడు మోగింది ఫోన్, వాళ్లు టికెట్ల ప్రోగ్రాం రాసిచ్చిన బస్సుల కంపెనీ నుంచి. "మీ ప్రోగ్రాం ఆగిపోయిందండీ! ఒక్క బస్సుకీ టికెట్ రావట్లేదు. జనం మమ్మల్ని కొట్టేలా ఉన్నారు!"

బాసు ఫోన్ పెట్టేసి మేనేజరు మీద పడ్డాడు. "పొద్దున పంపినవాళ్లని పిలవవయ్యా, పరిగెత్తు!"

మేనేజరు పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తి, మూడో అంతస్తులో కొయ్యబారిపోయాడు. అక్కడి కంపెనీ ఆ కుర్రాళ్లందరినీ అప్పటికే చేర్చేసుకుంది. ఆ బాసు తన ఫోన్‌లో ఇంకోటి చదివాడట: సీనియర్లు దండగ, కుర్రాళ్లు చాలని. ఆయన తీసేసిన సీనియర్లు మెట్ల మీద దిగాలుగా కూర్చుని ఉన్నారు. మేనేజరు వాళ్లనే కాళ్లావేళ్లా పడి పైకి తీసుకొచ్చాడు. సాయంత్రానికి బస్సులు కదిలాయి.

బాసు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "శభాష్! వీళ్లు చాలు. ఇక ఎవర్నీ చేర్చుకోం."

"చాలా సంతోషం సార్."

"మరి చేర్చుకునే మేనేజరెందుకయ్యా మనకి?"

మేనేజరు తన సంచి సర్దుకున్నాడు. లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి, మూడో అంతస్తు నుంచి పైకొచ్చిన బావమరిది ఎదురుపడి, సంగతి విన్నాడు.

"దిగులు పడకు బావా. మా కంపెనీకి మేనేజరు కావాలి. రేపొచ్చి ఇంటర్వ్యూకి కూర్చో. అడిగేది నేనే."

"నువ్వా?"

"పొద్దున అందరికంటే ముందు చేరాను కదా, ఇప్పుడక్కడ సీనియర్ని నేనే."

"ఏం అడుగుతావురా?"

"పెద్దగా ఏం లేదు. ఐదేళ్ల తర్వాత మీరెక్కడుంటారు, అంతే."

మేనేజరు వాడివైపు గుడ్లప్పగించి చూసి, లిఫ్టుకు పైకి వెళ్లే బటనూ కిందికి వెళ్లే బటనూ రెండూ నొక్కాడు.