జమ్మలమడుగుకు బయలుదేరిన హెలికాప్టర్

ఆకాశంలో గుంతలు లేకపోవడమే పైలట్ల పాలిట శాపం. నేలమీద ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయేవాడు కళ్లు మూసుకున్నా, నడుము పట్టేసిన చోటును బట్టి ఎక్కడున్నాడో చెప్పేస్తాడు. పైన ఆ సౌకర్యం ఏ ప్రభుత్వమూ కల్పించలేదు.

అందుకే మొన్న ప్రొద్దుటూరులో టిఫిన్ కానిచ్చిన నీటి సరఫరా మంత్రిగారిని, జమ్మలమడుగు పక్క పల్లెలో కుళాయి ప్రారంభానికి తీసుకుపోవలసిన పైలట్ యశ్వంత్ గారు నేరుగా పులివెందుల వైపు తిప్పారు. (ఏళ్ల తరబడి ఆయన డ్యూటీ అటే. చేతికి అలవాటైన దారి.) ఎదుట తెరమీద బాణం కుడికి పొమ్మని మొత్తుకుంది. ‘పొద్దున్నుంచి సతాయిస్తాంది ఇది’ అని దాన్ని ఆపేశారు.

పులివెందుల శివారున చిన్నమిట్ట అనే పల్లెలో ఆయనకు కావలసినవన్నీ కనిపించాయి. షామియానా ఉంది, జనం ఉన్నారు, సున్నంతో గీసిన హెచ్ గుర్తు ఉంది. షామియానా పాల్ రాజు కూతురు బ్లెస్సీ పెండ్లిది. హెచ్ మాత్రం వాలీబాల్ కోర్టు. పెండ్లికని వల విప్పేశారు, చివరి గీతలు రెండూ వానకు పోయాయి. నమ్మకంతో చూసేవాడికి మిగిలినది చాలు.

హెలికాప్టర్ దిగింది, షామియానా లేచిపోయింది.

“ఎవురప్పా ఈయప్పను పిలిచింది?” అన్నాడు పాల్ రాజు, ఎగిరే పంచె పట్టుకుని.

మంత్రిగారు దిగీదిగగానే మెడ వంచారు. మన సీమలో వంగిన మెడను ఊరికే వదలం కదా! పెండ్లికొడుకు దండ తీసి వేసేశారు. “కుళాయి ఏదయ్యా?” అన్నారాయన. వెంట వచ్చిన ప్రారంభోత్సవాల అధికారి ఆదినారాయణ గారు, పెండ్లికి నీళ్లు తెచ్చిన ట్యాంకర్ కుళాయి చూపించారు. మంత్రిగారు తిప్పారు. పాల్ రాజు తల్లి యేసమ్మ బిందె పట్టింది. ఫోటో తీశారు.

తర్వాత విచారణ జరిగింది. లేనిదాన్ని ఉందనుకునే ప్రమాదకరమైన అలవాటు ఉన్నందుకు పైలట్‌ను సస్పెండ్ చేశారు. కుళాయి జోలికి పోలేదు. (నియమావళి ప్రకారం, ప్రారంభమైనది ఉన్నట్టే. జమ్మలమడుగు పక్క పల్లెలో ఉన్న కుళాయి ప్రారంభం కాలేదు కనుక దానికి తాళం వేశారు.)

కుళాయి వచ్చిన ఊరికి ట్యాంకర్ ఎందుకని చిన్నమిట్టకు రోజూ వచ్చే ప్రభుత్వ ట్యాంకర్‌ను ఆపేశారు. ఆ ఊరికి తాగేందుకు ఉన్నది అదొక్కటే. యేసమ్మ ఖాళీ బిందెతో ఆదినారాయణ గారి ఆఫీసుకు వచ్చింది.

“పసిబిడ్డల నోట్లో పోసేదానికి చుక్క లేదు సార్. ఆ ట్యాంకర్ పంపించండి, దేవుడు మిమ్మల్ని సల్లగా చూస్తాడు.”

ఆదినారాయణ గారు ఫోన్‌లో ఫోటో చూపించారు. “ఇదెవురమ్మా? నువ్వే కదా? నీళ్లు పడతాండావు, నగతాండావు గూడా.”

“అది ట్యాంకర్‌ది సార్! మా ఊర్లో కుళాయి యాడుంది?”

ఆయన కసురుకోలేదు పాపం. శానా మర్యాదగానే చెప్పారు.

“ఉందనుకోమ్మా. మొదట్లో కష్టంగానే ఉంటాది. పోను పోను అలవాటైతాది.”