మంచు కనిపించని కళ్ళు

సోమవారం ఉదయం కళ్ళద్దాల షాపు షట్టరు ఎత్తుతున్నప్పుడు రివ్యూ మనసులో రెండే పనులున్నాయి. ఒకటి, ఈ వారమంతా షాపు మీద ఒక్క ఫిర్యాదు కూడా రాకుండా చూసుకోవడం. రెండు, శనివారం సాయంత్రం చూసిన సినిమా గురించి లోపలికి అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ చెప్పడం. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవని అప్పటికి అతనికి తెలియదు.

రివ్యూ అతని అసలు పేరు కాదు. చూసిన సినిమా గురించి ఎవరో ఒకరికి చెప్పేదాకా గొంతులోకి ముద్ద దిగదు కాబట్టి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. పని మాత్రం కళ్ళు పరీక్ష చేయడం, నంబరు తేల్చడం, అద్దాలు బిగించడం. షాపు అతని మేనమామది. ఆయన ఇప్పుడు రెండో షాపు తెరుస్తున్నారు. ఆ రంగులూ రిపేర్లూ చూసుకోవడానికి వెళ్తూ గుమ్మంలో ఆగి మరీ చెప్పారు: "ఒరేయ్, ఈ వారం షాపు నీదే. ఒక్క కంప్లైంటు రాకుండా నడిపావా, కొత్త షాపు తాళాలు తెచ్చి నీ చేతిలో పెడతా. వచ్చిందా, ఇంకొకళ్ళని చూసుకుంటా."

రివ్యూ అప్పటికే కలలో ఆ షాపులో కూర్చుని, గోడ నిండా సినిమా పోస్టర్లు అంటించేసుకున్నాడు.

"అక్కా, సినిమా అంటే అదీ!" బిల్లులు కొట్టే కౌంటర్ అక్క ఇంకా బ్యాగు కూడా దించకముందే మొదలుపెట్టాడు. "ముసలి బస్సు డ్రైవరు, రిటైరయ్యే ముందు ఆఖరి ట్రిప్పు. అంతే కథ! కానీ మొదటి సీను నుంచీ మంచు అక్కా! కొండ మంచు, బస్సు మంచు, మనుషుల మొహాలు కూడా మంచులోంచి కరిగి కరిగి వస్తాయి. ఏ కన్నూ ఏ ముక్కూ విడిగా కనిపించదు. అంటే ఏంటి? మనుషులంతా ఒక్కటేనని!"

"టికెట్ ఇచ్చినోడి మొహమైనా కనిపించిందా?"

"వెటకారం వద్దక్కా. బయటికొచ్చాక కూడా ఆ మంచు నన్ను వదల్లేదు తెలుసా? వీధి దీపాలన్నీ పువ్వుల్లా విచ్చుకున్నాయి. మా ఇంటి ఓనరు ఎదురొస్తే ఎవరో మహానుభావుడనుకుని నమస్కారం పెట్టేశా. గొప్ప సినిమా అంటే అదే, మన కళ్ళనే మార్చేస్తుంది. అప్పట్నుంచీ తలనొప్పి కూడాను. అంత కదిలిపోయా!"

"ముందు మాత్ర వేసుకో తమ్ముడూ. తర్వాత కదులుదువుగాని."

ఇక్కడ రెండు విషయాలు చెప్పుకోవాలి. రివ్యూకి నల్లటి మందపాటి ఫ్రేము ఒకటి మహా ఇష్టం. తను పెట్టుకునేదీ అదే, వచ్చినవాళ్ళకి అంటగట్టేదీ అదే. ఆ వీధిలో బస్టాపు దగ్గర నిలబడితే ఒకే కుటుంబం వాళ్ళంతా పెళ్ళికి బయల్దేరినట్టుంటుంది. రెండోది, సస్పెన్సు సీనొస్తే చాలు, కళ్ళద్దాలు తీసి కాడ కొరుకుతాడు. శనివారం సాయంత్రం షాపు మూసే వేళకి పెద్దటీచరు గారు వచ్చి, తన కొత్త కళ్ళద్దాల మర వదులైందన్నారు. రివ్యూ తన అద్దాలు తీసి ట్రేలో పెట్టి, ఆవిడ మర బిగించి, ఆవిడవీ ట్రేలో పెట్టి, ఒక జత ఆవిడ చేతికిచ్చి, ఇంకో జత ముక్కు మీద పెట్టుకుని, ఆటకి టైమైపోతోందని వానలో పరుగెత్తాడు.

షాపులో మాత్రం అతనికి కళ్ళద్దాలతో పనిలేదు. దగ్గరి చూపు బాగానే ఉంటుంది. ఎదురు గోడ మీది అక్షరాలైతే ఎప్పుడో నోటికొచ్చేశాయి. అందుకే అద్దాలు చొక్కా జేబులో, నోరు పరీక్ష గదిలో ఉండేవి.

"పై వరుస చదవండి. ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా? ఆ, బస్సు సినిమా చూశారా? చూడలేదా! ఏం మనుషులండీ మీరు!" చెప్తున్నప్పుడు అతని గొంతు వణికేది. స్టాండు మీద గడ్డం ఆనించి, కదలడానికి లేక, కస్టమర్లు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. బేకరీ ఆయన విన్నాడు. డ్రైవింగ్ స్కూలు ఆయన విన్నాడు. ఇద్దరూ ఆ సాయంత్రమే ఇళ్ళల్లో వాళ్ళందరినీ వెంటేసుకుని సినిమాకి వెళ్ళారు.

మంగళవారం షట్టరు సగం లేవకముందే బేకరీ ఆయన దాని కిందనుంచి దూరి లోపలికొచ్చాడు.

"బాబూ, నాకు మంచు కనపళ్ళా!"

"అదేంటండీ?"

"బస్సు కనపడింది. డ్రైవరు కనపడ్డాడు. ఆయన విగ్గు కూడా కనపడింది. మంచు మాత్రం లేదు. మా ఆవిడకీ లేదు. పిల్లలకీ లేదు. ఇంటిల్లిపాదికీ ఏదో అయింది బాబూ."

వెనకే డ్రైవింగ్ స్కూలు ఆయన, మొహం పాలిపోయి. "నాకూ అంతే. మంచునే చూడలేనివాణ్ణి, రేపు రోడ్డు మీద మనిషిని చూస్తానా? కార్లన్నీ ఆపేసి వచ్చా."

రివ్యూ ఇద్దర్నీ పరీక్ష చేశాడు. కిందివరుస చిన్న అక్షరాల దాకా గడగడా చదివేశారు. "మీ కళ్ళు బంగారంలా ఉన్నాయండీ" అంటే వాళ్ళకి ఇంకా భయం వేసింది. కళ్ళు బాగుండీ కనిపించకపోతే మరి లోపం ఎక్కడున్నట్టు?

ఆ సంగతి వీధంతా పాకింది. చూడనివాళ్ళు చూసి వచ్చారు, చూసినవాళ్ళు మళ్ళీ చూసి వచ్చారు. బుధవారానికి క్యూ షాపు మెట్లు దిగి, బేకరీ దాటి, మలుపు తిరిగింది. వాళ్ళలో వాళ్ళకే గొడవలు.

"నాకు కొండ దగ్గర కాస్త కనిపించిందండీ, లేతగా."

"ఊరుకోండి, అది పక్కసీటాయన పాప్‌కార్న్ పొగ!"

రివ్యూకి ఒళ్ళు పులకరించింది. ఇంతమందిలో తనొక్కడికే! "అక్కా, కళ అంటే అందరికీ అందేది కాదేమో" అన్నాడు మెల్లగా.

"బిల్లు కూడా అందట్లేదు. పొద్దుట్నుంచి ఒక్కళ్ళూ అద్దం కొనలేదు" అంది అక్క.

అప్పుడు దిగారు మామయ్య. ఎవరో ఫోన్ చేసి 'మీ షాపు ముందు జనం' అంటే, అద్దాలు పగిలాయనుకుని పరుగున వచ్చారు. క్యూ మొదలు చూసి, చివర చూసి, మళ్ళీ మొదలు చూశారు. ఇన్నేళ్ళలో ఆ షాపు ముందు ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడగా ఆయన చూడలేదు.

"ఏం చేశావురా?" అన్నారు గుసగుసగా, గుళ్ళో మాట్లాడినట్టు.

రివ్యూ నోరు తెరిచేలోపు క్యూని పక్కకి తప్పిస్తూ పెద్దటీచరు గారు లోపలికొచ్చారు. ఆవిడ కంప్లైంటు ఇచ్చారంటే అది శిలాశాసనమే. వీధి కుళాయి నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఆవిడ ఫిర్యాదులు తిన్నవాళ్ళే. రివ్యూ మెల్లగా మామయ్య వెనక్కి జరిగాడు.

"ఎక్కడ ఆ అబ్బాయి? నాయనా, ఇటు రా. శనివారం దాకా నాకు ఎదురింటి చెట్టు ఒక పచ్చటి ముద్ద. ముసలితనం అంతే కాబోలనుకున్నా. నువ్వు మర బిగించాక ఆకులు కనపడుతున్నాయి నాయనా! ఒక్కొక్క ఆకూ! దాని మీద ఈనె కూడా! రాత్రి మేడ మీద కూర్చుని నక్షత్రాలు చూసి ఏడ్చేశా."

మామయ్య కళ్ళు చెమర్చాయి. ఆయన చెయ్యి తాళాలున్న జేబు వైపు కదిలింది.

"ఒక్కటే కంప్లైంటు" అన్నారు టీచరు గారు, కళ్ళద్దాలు తీసి చూపిస్తూ. "ఈ కాడ మీద ఎవరివో పంటిగాట్లున్నాయి."

రివ్యూ ఆ కాడ చూశాడు. ఆ గాట్లు అతనికి బాగా తెలుసు. పోయిన నెల దొంగతనం సినిమాలో, ఇంటర్వెల్ ముందు పడినవి. ఆ అద్దాలు పెట్టుకుని వీధిలోకి చూశాడు. మంచు మాయమైపోయింది. బేకరీ బోర్డు మీద పెచ్చులూడిన రంగు కనిపించింది. షాపు ఎదురుగా ఉన్న చెట్టు ఆకులు కూడా కనిపించాయి, ఒక్కొక్క ఆకూ. టీచరు గారు ఎందుకు ఏడ్చారో అర్థమైంది. ఆవిడకి పరీక్ష చేసిన రోజు ఏ సినిమా కథ చెప్తూ తప్పుడు నంబరు రాశాడో అదీ గుర్తొచ్చింది.

ఊరుకుంటే తాళాలు తనవి. కానీ గుమ్మంలో డ్రైవింగ్ స్కూలు ఆయన, రోడ్డు దాటడానికి కూడా భార్య చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆగండి!" అని అరిచాడు రివ్యూ. "మీ కళ్ళకేం కాలేదు. సినిమాలో మంచే లేదు. నేనే టీచరుగారి అద్దాలు పెట్టుకుని చూశా. ఆవిడకి నంబరు తప్పు రాసింది కూడా నేనే. టీచరుగారూ, మీకు కొత్తవి నేనే చేసిస్తా. మామయ్యా, కంప్లైంటు నా మీద నేనే ఇస్తున్నా."

ఇక తన్నులే అనుకుని కళ్ళు మూసుకున్నాడు. ముందుగా వినిపించింది బేకరీ ఆయన గొంతు.

"అయితే బాబూ, ఆ తప్పుడు అద్దాలు సాయంత్రం ఆటకి ఒక్కసారి ఇస్తావా?"

"ముందు నేనడిగా!" అన్నాడు డ్రైవింగ్ స్కూలు ఆయన.

"ఎవరడిగితే ఏంటి? షాపు నాది. ముందు నేను" అంటూ మామయ్య రివ్యూ జేబులోంచి ఆ జత లాక్కున్నారు.

గురువారం పొద్దున్నే మామయ్య వచ్చారు. గుమ్మానికి భుజం తగిలించుకుని, స్టూలుకి సారీ చెప్పి, షాపు మధ్యలో నిలబడ్డారు. రాత్రి పెట్టుకున్న అద్దాలు ఇంకా తీయలేదు. వాటి వెనక కళ్ళు తడిగా మెరుస్తున్నాయి.

"ఒరేయ్... ఆ బస్సు మంచులో కలిసిపోతుంటే మా నాన్న వెళ్ళిపోతున్నట్టే ఉందిరా. నువ్వు చెప్పింది తక్కువే." జేబులోంచి తాళాలు తీశారు. "అంతమందిలో నిజం ఒప్పుకున్నావు. నాకది చాలు. ఇంద, నీ షాపు."

రెండు చేతులా తాళాలు పట్టుకుని ముందుకొచ్చి, ఎంతో ప్రేమగా, కౌంటర్ అక్క చేతిలో పెట్టారు.

"థ్యాంక్యూ సార్" అంది అక్క, గుప్పిట మూస్తూ. "అక్కడ పరీక్ష గదిలో సినిమా మాటెత్తనివ్వను."

మామయ్య ఉలిక్కిపడి అద్దాలు తీశారు, తుడిచారు, అక్కని చూశారు, మేనల్లుణ్ణి చూశారు, కాసేపు ఆలోచించి మళ్ళీ అవే అద్దాలు పెట్టుకున్నారు.