విస్సంరాజు గారి హంసబాతులు

చలికాలంలో మగవాడు ఆరోగ్యంగా ఉండాలంటే హంసబాతుల్ని పెంచాలి! వాకింగులూ, యోగా క్లాసులూ, చ్యవనప్రాశ డబ్బాలూ అన్నీ దండగ. నమ్మకం కుదరకపోతే భీమవరం పక్క ఊళ్ళో చేపలచెరువులున్న విస్సంరాజు గారి సంగతి వినండి.

ఆ మధ్య ఓ మేతల కంపెనీ వాళ్ళు హోటల్లో రైతుల మీటింగు పెట్టారు. బిర్యానీ తర్వాత ఎవరో అన్నారు, "చెరువు కాపలాకి కుక్కకన్నా హంసబాతు మేలండి. దొంగ ఎముక వేస్తే కుక్క వాడికే తోకాడిస్తుంది. హంసబాతు లంచం తినదు!" లంచం తినని ప్రాణి ఒకటి ఇంకా భూమ్మీద మిగిలి ఉందని విని విస్సంరాజు గారు చలించిపోయారు. వారం తిరక్కుండా పొడుగు మెడలూ, తెల్లటి రెక్కలూ, పాములా బుసకొట్టే నోళ్ళూ ఉన్న డజను బాతులు ఆయన పెరట్లో దిగాయి.

వాటితోపాటు ఒక పుస్తకం కూడా దిగింది. చలికాలంలో హంసబాతుల పోషణ ఎలాగో అందులో ఉంది. అయితే ఆ పుస్తకం రాసింది మోకాలిలోతు మంచు పడే దేశంలో. మరి మన చలి? ధనుర్మాసంలో తెల్లవారుజామున మఫ్లరు, పదకొండింటికల్లా ఫ్యాను! కానీ పుస్తకంలో ఉన్నాక చెయ్యకపోతే ఎలా?

రాజుగారు చేశారు. శాలువా కప్పుకుని, పడక్కుర్చీ వాల్చుకుని, కాఫీ పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని మరీ చేశారు.

"మాణిక్యం! నీళ్ళు గోరువెచ్చగా ఉండాలట!"

ఆయన భార్య రత్నమాణిక్యం గారు నీళ్ళు కాచి తొట్టెలో పోశారు.

"కింద గడ్డి తడవకూడదట! తడిస్తే వాటి కాళ్ళు పాడైపోతాయట!"

ఆవిడ తడిసిన గడ్డి తీసి ఎండుగడ్డి పరిచారు. బాతులకి తడపడమే పని కాబట్టి సాయంత్రం మళ్ళీ పరిచారు. పొద్దున్నే చెరువుగట్టు మీద గరిక కోసుకొచ్చారు. చీకటి పడకముందు తవుడులో నూకలు కలిపి పెట్టారు. గుడ్లకి పెంకు గట్టిగా రావాలంటే ఆలిచిప్పలు నలగ్గొట్టి వెయ్యాలని పుస్తకం అంటే, రోలు ముందేసుకుని కూర్చున్నారు.

"కాళ్ళకి వేజలైన్ రాయాలట మాణిక్యం!"

"బాతు కాళ్ళకాండీ?"

"మరి నీకా? పుస్తకంలో బాతు బొమ్మే ఉంది!"

ఆవిడ ఒక్కోదాన్నీ చంకలో ఇరికించుకుని రాశారు. మొదట్లో మోచేతుల నిండా వాటి ముక్కుల గాట్లే. రానురాను ఆవిడ ఎటు వెళితే అటు వరసగా నడవడం మొదలుపెట్టాయి. రాజుగారు బాతుల్ని కాస్త పట్టుకోవచ్చుగా అంటే, పట్టుకుంటే పుస్తకం ఎవరు చదువుతారండీ?

ఫలితం చూడండి! ఆయన బీపీ దిగింది. డాక్టరు ఆశ్చర్యపోయారు. "అంతా బాతుల చలవండి. వాటి పనిలో పడి నాకు ఊపిరి సలపట్లేదు," అని రాజుగారు కాఫీ హోటల్లో చెప్పుకున్నారు. ఆ కీర్తి పాకి పాకి లోకల్ కేబుల్ చానెల్ దాకా వెళ్ళింది. 'ఆదర్శ రైతు' అనే ప్రోగ్రాం తీస్తామన్నారు.

అంతలో మొగల్తూరు నుంచి ఫోను. రత్నమాణిక్యం గారి అక్క కూతురు ప్రణతికి పెళ్ళి. ముందుగానే రమ్మన్నారు. ఆవిడ సూట్‌కేసు దించారు.

"పెళ్ళికి వద్దన్నానా? కానీ బాతుల సంగతేంటి?" అన్నారు రాజుగారు.

"బాతులు మీవి కదండీ? ఊరంతా అదే చెప్పుకుంటున్నారు," అని ఆవిడ సూట్‌కేసు మూసి, నరసాపురం బస్సెక్కేశారు.

మర్నాడు పొద్దున్నే కెమెరా వచ్చింది. రాజుగారు ఇస్త్రీ పంచె కట్టుకుని, తవుడు గిన్నె పట్టుకుని, చిరునవ్వుతో దడి తలుపు తీశారు. డజను మెడలు నేలబారుగా వంగాయి. డజను నోళ్ళు బుసకొట్టాయి. గిన్నె ఒకవైపు, రాజుగారు ఒకవైపు! పంచె కొస మాత్రం బాతుల వైపే ఉండిపోయింది.

"ఇంకో టేక్ తీద్దామాండీ?" అన్నాడు కెమెరా అబ్బాయి.

పరువున్న మనిషి వెనకడుగు వేస్తారా? లోపలికెళ్ళి, భార్య రోజూ కట్టే ఆకుపచ్చ చీర చుట్టుకుని, తలమీదుగా ముసుగేసుకుని వచ్చారు. బాతులు మెడలెత్తి చూశాయి. సందేహించాయి. ఒప్పుకున్నట్టే కనిపించాయి. ఆ ఉత్సాహంలో రాజుగారు "దా, దా" అన్నారు. కొంపమునిగింది! పడక్కుర్చీలోంచి రోజూ వినపడే గొంతు వాటికి తెలియదా? ఆ రోజు సాయంత్రం కేబుల్లో ఆ దృశ్యం వేశారు. తర్వాత ప్రేక్షకుల కోరికపై మళ్ళీ మళ్ళీ వేశారు.

రాజుగారు మేతని దడిమీంచి విసరడం మొదలుపెట్టారు. గడ్డి కుళ్ళింది. తొట్టెలో నీళ్ళు పచ్చబడ్డాయి. బాతులు వీధంతా వినపడేలా అరిచాయి. బీపీ పాత చోటికి ఎక్కేసింది. నాలుగోనాడు ఆయన మొగల్తూరు ప్రయాణమయ్యారు.

పెళ్ళివారింట్లో ఆడవాళ్ళంతా చాపలమీద కూర్చుని ఉన్నారు. ప్రణతి తన పిన్ని పాదాలకి పసుపు రాస్తోంది.

"ఇవేం పగుళ్ళు పిన్నీ! పసుపంతా లోపలికే పోతోంది!"

"ఏమే మాణిక్యం, చెరువుల రాజుగారి భార్యవా, నాట్లేసే మనిషివా?" అంది అక్కగారు.

"తడిగడ్డిలో తిరిగితే అంతేనక్కా," అని రత్నమాణిక్యం గారు నవ్వేశారు.

గుమ్మంలో నిలబడ్డ రాజుగారు ఆ పాదాల్ని చూశారు. మడమ మీద పగుళ్ళలో పసుపు గీతలు గీతలుగా దిగింది. వాటిని ఇదివరకు ఎప్పుడు చూశారో ఆయనకి గుర్తు రాలేదు.

"ఎప్పుడొస్తావు మాణిక్యం? అక్కడ బెంగపెట్టుకున్నారు," అన్నారు.

"ఎవరండీ?" అన్నారు ఆవిడ.

చాపలమీది తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. చూడండి, తెలుగులో 'నేను' అనే మాటకి రెండే అక్షరాలు. ఒత్తులు కూడా లేవు. పలకమీద దిద్దుకునే పిల్లలు సైతం అనేస్తారు. రాజుగారు గొంతు సవరించుకున్నారు. శాలువా సర్దుకున్నారు.

"బాతులు," అన్నారు.

"అలాగా? వెళ్ళి బుజ్జగించండి. పదహారు రోజుల పండగ అయ్యాక వస్తాను," అని రత్నమాణిక్యం గారు రెండో పాదం కూడా ప్రణతి ఒళ్ళో పెట్టారు.

రాజుగారు సాయంత్రం బస్సుకి ఒక్కరే తిరిగొచ్చారు. దారి పొడవునా పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటూనే ఉన్నారట. కండక్టరు వచ్చి, "ఎక్కడికండీ?" అని అడిగాడు.

"నేనే," అన్నారు విస్సంరాజు గారు.